మనసు చెప్పే కారణాలను ఎంత నమ్మాలి?

ఇంటర్‌లో బైపీసీ ఎందుకు తీసుకున్నావని ఒక అమ్మాయిని అడిగితే తడుముకోకుండా జవాబు చెబుతుంది. ఉన్న ఉద్యోగం ఎందుకు మానేశారని అడిగినా, ఫలానా బంధువంటే ఎందుకు పడదని అడిగినా, దుకాణంలో అన్ని చీరలుంటే ఈ చీరే ఎందుకు కొన్నారని అడిగినా మన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. అంత తేలిగ్గా వస్తోంది కాబట్టి అది నిజమే అయి ఉంటుందనుకుంటాం. మన సంగతి మనకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

తనను తాను తెలుసుకోవాలనుకునే మనిషి ముందుగా తేల్చుకోవాల్సింది ఈ ప్రశ్ననే. కాసేపు ఒంటరిగా కూర్చుని, కళ్లు మూసుకుని, లోపలికి చూసుకుంటే మన అసలు స్వభావం కనిపిస్తుందని చాలామంది చెబుతారు. అలా కూర్చోవడం మంచిదే. కానీ కూర్చున్నప్పుడు లోపలి నుంచి వినిపించే జవాబులు ఏ మేరకు నమ్మదగ్గవి? మనశ్శాస్త్రంలో గత యాభై ఏళ్లుగా దీని మీద ఓపికగా పని జరిగింది. తేలిన విషయం కాస్త కలవరపెట్టేదే అయినా తెలిసినవాళ్లకు మేలు చేసేది కూడా.

1977లో రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఒక వ్యాసం ప్రచురించారు. అందులో వివరించిన ప్రయోగాల్లో ఒకటి చాలా మామూలుగా కనిపిస్తుంది. ఒక దుకాణంలో బల్ల మీద నాలుగు జతల నైలాన్ మేజోళ్లు వరసగా పెట్టి, వీటిలో ఏది నాణ్యమైనదో చెప్పమని వచ్చినవాళ్లను అడిగారు. నిజానికి నాలుగు జతలూ ఒకే రకం, వాటిలో ఏ తేడా లేదు. అయినా కుడి చివరన ఉన్న జతను దాదాపు 40 శాతం మంది ఎంచుకున్నారు. ఎడమ చివరి జతను ఎంచుకున్నది 12 శాతం మందే. అంటే ఎంపికను నడిపించింది వస్తువు కాదు, దాన్ని పెట్టిన చోటు. ఎందుకు ఎంచుకున్నారని అడిగితే మాత్రం నేత బాగుందని, పల్చగా ఉందని రకరకాల కారణాలు చెప్పారు. పెట్టిన చోటును బట్టి ఎంచుకున్నామని ఒక్కరూ అనలేదు. అదేమైనా కారణమా అని సూటిగా అడిగినా దాదాపు అందరూ కాదన్నారు.

మేజోళ్ల విషయంలో పొరపడితే ఏమవుతుందిలే అనిపించవచ్చు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో పెట్టర్ యొహాన్సన్, లార్స్ హాల్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగం ఇంకొంచెం లోతుకు వెళ్లింది. మనిషికి రెండు ముఖాల ఫొటోలు చూపించి ఎవరు ఎక్కువ ఆకర్షణీయంగా ఉన్నారో చెప్పమన్నారు. ఎంచుకున్న ఫొటో చేతికిచ్చి ఎందుకు నచ్చిందో వివరించమన్నారు. మధ్యమధ్యలో ఇంద్రజాలికుల హస్తలాఘవంతో ఫొటోలు మార్చేసి, అతను వద్దన్న ముఖాన్నే అతని చేతిలో పెట్టారు. అలా మార్చిన సందర్భాల్లో మూడొంతులు ఎవరి కంటా పడలేదు. గమనించనివాళ్లు ఊరుకోలేదు కూడా. తాము ఎంచుకోని ముఖం తమకెందుకు నచ్చిందో ఎంతో నమ్మకంగా చెప్పారు. ఒకరైతే చెవిపోగులు నచ్చాయన్నారు. ఆ మనిషి నిజంగా ఎంచుకున్న ఫొటోలో చెవిపోగులే లేవు.

ఇది ఎలా సాధ్యమో అర్థం కావాలంటే మెదడు పరిశోధకుడు మైకేల్ గజానిగా పనిని కాస్త నెమ్మదిగా చూడాలి. తీవ్రమైన మూర్ఛవ్యాధి ఉన్న కొందరికి వైద్యులు ఒకప్పుడు మెదడులోని కుడి ఎడమ భాగాలను కలిపే నరాల కట్టను కోసేవారు. ఆపరేషన్ తర్వాత వాళ్లు మామూలుగానే తిరిగేవారు, మాట్లాడేవారు. కానీ ఒక సగానికి తెలిసింది ఇంకో సగానికి చేరేది కాదు. మాట్లాడే సామర్థ్యం ఎక్కువమందిలో ఎడమ సగంలో ఉంటుంది. 1970లలో గజానిగా అలాంటి ఒక రోగికి ఒకేసారి రెండు బొమ్మలు చూపించారు. మాట్లాడే ఎడమ సగానికి కోడికాలు కనిపించింది. మాట్లాడలేని కుడి సగానికి మంచు కప్పేసిన ఇల్లు కనిపించింది. తర్వాత ఎదురుగా ఉన్న బొమ్మల్లో చూసినదానికి సరిపోయేదాన్ని చేత్తో చూపించమన్నారు. కుడి చెయ్యి కోడిని చూపించింది. ఎడమ చెయ్యి పారను చూపించింది, మంచు ఎత్తిపోయడానికి కావలసింది అదే కదా. పారను ఎందుకు చూపించావని అడిగారు. మాట్లాడే సగానికి మంచు సంగతి అసలు తెలియదు. తెలియదని చెప్పవచ్చు. కానీ ఆ మనిషి క్షణం తడబడకుండా, కోళ్ల గూడు శుభ్రం చేయడానికి పార కావాలిగా అన్నాడు.

మెదడులో ఈ పని చేసే భాగానికి గజానిగా వ్యాఖ్యాత అని పేరు పెట్టారు. మనం చేసేవాటికీ మనకు కలిగే భావాలకూ అతికే కథను అది ఎప్పటికప్పుడు అల్లుతుంది. సమాచారం చాలకపోతే ఉన్నదానితోనే సరిపెట్టుకుంటుంది. ఆ రోగి అబద్ధం చెప్పలేదు. ఫొటోల ప్రయోగంలో పాల్గొన్నవాళ్లూ చెప్పలేదు. వాళ్లకు ఆ క్షణంలో అదే నిజమైన కారణమని అనిపించింది. ఎవరినో ఆడిపోసుకోవడానికి నేను ఈ ప్రయోగాలు చెప్పడం లేదు. ఆరోగ్యంగా ఉన్న మనందరి లోపలా ఇలాంటి పనే సాగుతోందని ఎవరికి వారు గుర్తించాలన్నదే నా కోరిక.

ఇక్కడ ఒక తేడాను జాగ్రత్తగా పట్టుకోవాలి. మన లోపల ఏమీ కనిపించదని ఎవరూ అనడం లేదు. భయం వేస్తోందనీ, బెంగగా ఉందనీ, ఒకరంటే ఇష్టం కలుగుతోందనీ మనకు నేరుగా తెలుస్తుంది. ఈ విషయంలో మనల్ని మించిన సాక్షి లేడు. మనకు నేరుగా తెలియనిది, ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందన్నది. భావం అనుభవానికి వస్తుంది, దాన్ని పుట్టించిన ప్రక్రియ తెర వెనకే ఉండిపోతుంది. ఆ ఖాళీని మనం ఊహతో పూరించి, దాన్ని కూడా అనుభవమే అనుకుంటాం.

ఆ ఊహలను ఎక్కడి నుంచి తెస్తామన్నది నిస్బెట్, విల్సన్ చెప్పినవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది. ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు తమ గురించి చెప్పుకున్న కారణాలూ, బయటివాళ్లు కేవలం ఊహించి చెప్పిన కారణాలూ చాలావరకు ఒకేలా ఉన్నాయి. అంటే మన గురించి చెప్పుకునేటప్పుడు కూడా లోపల చూసి చెప్పడం లేదు, మన సమాజంలో అందరూ ఒప్పుకునే కారణాల మూటలోంచి ఒకటి తీసి చెబుతున్నాం. మనకూ అలాంటి మూట ఉంది. ఉద్యోగం మానేస్తే జీతం చాలలేదంటాం. ఊరు వదిలితే పిల్లల చదువు కోసమంటాం. పెళ్లి కుదిరితే రాసిపెట్టి ఉందంటాం. ఇవి అబద్ధాలు కావు. చెబితే ఎవరూ ఎదురు ప్రశ్న వేయని కారణాలు. ఎదుటివాళ్లు అడగరు కాబట్టి, మనల్ని మనమూ అడగకుండానే ఏళ్లు గడిచిపోతాయి.

మరి కూర్చుని గట్టిగా ఆలోచిస్తే అసలు కారణం బయటపడదా? విల్సన్ బృందం 1993లో ప్రచురించిన ప్రయోగం ఈ ఆశను కూడా కొంత దెబ్బతీసింది. విద్యార్థులకు కొన్ని పోస్టర్లు చూపించి, నచ్చింది ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఎంచుకునే ముందు కొందరి చేత ఏది ఎందుకు నచ్చిందో, ఎందుకు నచ్చలేదో రాయించారు. మిగతావాళ్ల చేత ఆ కారణాలేవీ రాయించలేదు. కొన్ని వారాల తర్వాత ఫోన్ చేసి అడిగితే, కారణాలు రాసి ఎంచుకున్నవాళ్లే తమ పోస్టరు పట్ల తక్కువ సంతృప్తిగా ఉన్నారు. కారణాలు రాసేటప్పుడు మాటల్లో పెట్టడానికి వీలైన వాటికే బరువు పెరుగుతుంది, మాటలకు లొంగనివి పక్కకు పోతాయి.

మన పెళ్లి సంబంధాల్లో ఇది కళ్లకు కట్టినట్టు జరుగుతుంది. ఉద్యోగం, జీతం, ఎత్తు, సొంత ఇల్లు, ఎకరాలు వరసగా రాసుకోవచ్చు. అతను మాట్లాడుతుంటే మనసు కుదుటపడిందా, ముడుచుకుపోయిందా అన్నది ఆ పట్టికలో ఏ గడిలోనూ పట్టదు. చివరికి అంకెలు బాగున్న సంబంధం ఖాయమవుతుంది. అలాగని లెక్కలు వేయకూడదని కాదు. ఇంటి అప్పు తీసుకునేటప్పుడు, వైద్యం గురించి నిర్ణయించేటప్పుడు కారణాలు కాగితం మీద పెట్టాల్సిందే. ఇష్టాయిష్టాల దగ్గర మాత్రం కారణాల పట్టికకు చివరి మాట ఇవ్వకూడదని నా నమ్మకం.

లోపలి జవాబు మీద అనుమానం వచ్చిన మనిషి వెంటనే బయటి జవాబుల కోసం వెతుకుతాడు. దినఫలాలు ఉన్నాయి, పది ప్రశ్నలకు జవాబులిస్తే మీరెలాంటివారో చెప్పే పరీక్షలు ఫోన్లో ఉన్నాయి, మనుషులను పదహారు రకాలుగా విడదీసే ప్రశ్నావళులు ఆఫీసుల్లో ఉన్నాయి. వాటిని చదివినప్పుడు అచ్చం నేనే అనిపిస్తుంది. ఆ అనిపించడం ఎంత తేలికో 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనశ్శాస్త్ర అధ్యాపకుడు చూపించారు. తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారికి విడిగా అందించారు. అది మీకు ఎంతవరకు సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమన్నారు. సగటున 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చిన కాగితం ఒకటే, అందులోని వాక్యాలు ఒక జ్యోతిష పుస్తకంలోంచి ఏరుకున్నవి. నలుగురూ మెచ్చుకోవాలని కోరుకుంటారు, ఒక్కోసారి మీ నిర్ణయం సరైనదేనా అని సందేహిస్తారు అన్న ధోరణిలో రాస్తే ఎవరికి సరిపోదు? మీ గురించి రాసిన ఫలితం మీకు బాగా కుదిరిందనిపిస్తే, పేరు తీసేసి అదే కాగితం పక్కింటాయన చేతికిచ్చి చూడండి. ఆయనకూ అంతే బాగా కుదిరితే అది చెప్పింది మీ గురించి కాదు.

దీనికంటే నమ్మదగ్గ దారి మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. సంబంధం వస్తే అబ్బాయి ఎలాంటివాడో అబ్బాయినే అడిగి ఊరుకుంటామా? వాకబు చేస్తాం. వాళ్ల వీధిలో అడుగుతాం, పనిచేసే చోట అడుగుతాం, కలిసి చదువుకున్నవాళ్లు ఎవరైనా తెలుసా అని వెతుకుతాం. మనిషి తన గురించి చెప్పుకునేదాని కంటే, రోజూ అతనితో మసిలేవాళ్లు చూసింది ఎక్కువ నమ్మదగ్గదని పెద్దవాళ్లకు తెలుసు. అదే వాకబు తన గురించి తాను చేసుకోవాలని మాత్రం ఎవరికీ తోచదు.

సిమీన్ వజీర్ అనే పరిశోధకురాలు 2010లో ఈ విషయాన్ని పద్ధతిగా విడదీసి చూపించారు. లోలోపల కలిగే ఆందోళన, బెంగ లాంటివి ఎంత ఉన్నాయో మనిషికే బాగా తెలుస్తుంది, బయటివాళ్లకు అంతగా తెలియదు. తెలివితేటలు, సృజన లాంటి విషయాల్లో మాత్రం మనకంటే మన స్నేహితుల అంచనానే నిజానికి దగ్గరగా ఉంది. ఎందుకంటే అవి మన గౌరవానికి ముడిపడిన గుణాలు, వాటిని చూసుకునేటప్పుడు మన కన్ను నిలకడగా ఉండదు. అంతకుముందు 2008లో ఆమె, మత్తియాస్ మెహ్ల్ కలిసి మనుషుల దగ్గర చిన్న రికార్డరు ఉంచి, రోజులో వాళ్లు ఎంత మాట్లాడుతున్నారు, ఎంత నవ్వుతున్నారు, ఎంతసేపు ఒంటరిగా ఉంటున్నారు అన్నవి లెక్కగట్టారు. ఆ మనిషి తన గురించి వేసుకున్న అంచనా కంటే దగ్గరివాళ్ల అంచనా ఏమీ తీసిపోలేదు.

మరైతే అడగడం ఎలా? చిక్కంతా ఇక్కడే ఉంది. నాకు కోపం ఎక్కువా అని అత్తగారు కోడలిని అడిగితే కోడలు ఏం చెబుతుంది? అయ్యో, అదేం లేదత్తయ్యా అంటుంది. యజమాని గుమాస్తాను అడిగినా, అన్న తమ్ముడిని అడిగినా అంతే. మన ఇళ్లలో పెద్దల ముఖం మీద తప్పు చెప్పడం మర్యాద కాదు, అడిగినా చెప్పరు. గుణం గురించి అడగకుండా జరిగేదాని గురించి అడిగితే మాత్రం నోరు విప్పుతారు. ఒక తండ్రి తన కూతుర్ని, నేనెలాంటివాణ్ణమ్మా అని కాక, నేను ఇంటికి రాగానే మీరంతా ఏ పని ఆపేస్తారమ్మా అని అడిగాడనుకోండి. టీవీ సౌండు తగ్గిస్తాం నాన్నా, మీరేమీ అనరు కానీ తగ్గిస్తాం అని ఆ పిల్ల చెప్పవచ్చు. తాను శాంతస్వభావుణ్ణని ఇరవై ఏళ్లుగా నమ్ముతున్న మనిషికి ఆ ఒక్క మాటలో ఎంత ఉందో చూడండి.

అలా అడిగినప్పుడు పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. విన్న వెంటనే సంజాయిషీ ఇవ్వకూడదు, ఇస్తే రెండోసారి ఎవరూ చెప్పరు. ఒక్కరు చెప్పిందే పట్టుకుని కుంగిపోకూడదు, ఆ మనిషికి మనతో ఉన్న పాత లెక్కలు అందులో కలిసి ఉండవచ్చు. ఒకరికొకరు తెలియని ఇద్దరు ముగ్గురు ఒకే మాట చెబితే మాత్రం అక్కడ ఆగాలి. మనతో పని పడనివాళ్లు, మన మీద ఆధారపడనివాళ్లు చెప్పే మాటకు విలువ ఎక్కువ. చిన్ననాటి స్నేహితులు ఈ పనికి ఎంతగా అక్కరకొస్తారో, ఆ స్నేహాలను మనం అంత తేలిగ్గా వదిలేసుకుంటాం.

రెండో దారి, చేసిందాన్ని రాసిపెట్టుకోవడం. మనసు కారణాలను తర్వాత అల్లుతుంది కాబట్టి, అల్లకముందే కాగితం మీద పెడితే దానికి మార్చే వీలుండదు. నిర్వహణశాస్త్రంలో పేరుమోసిన పీటర్ డ్రకర్ 1999లో రాసిన ఒక వ్యాసంలో తాను ఏళ్ల తరబడి పాటించిన పద్ధతి చెప్పారు. ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడల్లా దానివల్ల ఏం జరుగుతుందని అనుకుంటున్నారో అప్పుడే రాసిపెట్టేవారు. తొమ్మిది నెలలకో ఏడాదికో తీసి, జరిగినదానితో పోల్చుకునేవారు. ఇంజినీర్లు, అకౌంటెంట్ల లాంటి సాంకేతిక నిపుణులను తాను సహజంగా అర్థం చేసుకోగలనని ఆయనకు అలాగే తెలిసింది. అది ఆయనకే ఆశ్చర్యం కలిగించింది.

అంతకు చాలాకాలం ముందే బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇంకో రకం లెక్క రాశారు. ఇరవైల వయసులో పదమూడు సద్గుణాల జాబితా వేసుకుని, ఒక చిన్న పుస్తకంలో ఒక్కో గుణానికి ఒక్కో పేజీ కేటాయించి, వారంలోని ఏడు రోజులకు గళ్లు గీసి, తప్పిన రోజున నల్లచుక్క పెట్టేవారు. తాను అనుకున్నదానికంటే తనలో లోపాలు చాలా ఎక్కువ ఉన్నాయని ఆ చుక్కలు చూశాకే తెలిసిందని ఆత్మకథలో ఒప్పుకున్నారు. అన్నిటికంటే ఆయన్ని ఇబ్బంది పెట్టింది వస్తువులను, పనులను ఒక క్రమంలో ఉంచుకోవడం. ఆ జాబితాలో మొదట పన్నెండే ఉన్నాయి. నిన్ను అందరూ గర్విష్టి అనుకుంటున్నారని ఒక స్నేహితుడు ఉదాహరణలతో సహా చెప్పాక, పదమూడోదిగా వినయాన్ని చేర్చారు. తన లోపాల్లో అది ఒకటని అంతటి తెలివైన మనిషికి సొంతంగా తట్టలేదు.

మన కాలంలో రాయకుండానే కొంత లెక్క పోగవుతోంది. పుస్తకాలంటే ప్రాణమని చెప్పుకునే మనిషి ఫోన్లో రోజుకు ఏ యాప్‌లో ఎంతసేపు గడిచిందో ఒకసారి తీసి చూసుకోవచ్చు. డబ్బు విషయంలో జాగ్రత్తపరుణ్ణని నమ్మే మనిషి మూడు నెలల యూపీఐ చెల్లింపులు చూసుకోవచ్చు. అమ్మానాన్నలంటే పంచప్రాణాలనే కొడుకు వాళ్లకు చివరిసారి ఎప్పుడు ఫోన్ చేశాడో కాల్ జాబితాలోనే ఉంటుంది.

కానీ ఈ లెక్కను చదివేటప్పుడు ఒక అన్యాయం జరిగే ప్రమాదం ఉంది. తెల్లవారుజామున లేచి వంట, పిల్లల క్యారేజీలు, అత్తమామల మందులు, తర్వాత ఉద్యోగం, మళ్లీ వంట చేసే ఆడమనిషి తన వారాన్ని రాసుకుంటే అందులో పాట ఉండదు, బొమ్మ గీయడం ఉండదు. నాకు వాటి మీద అసలు ఇష్టమే లేదన్నమాట అని ఆమె తేల్చుకుంటే అది తప్పు. ఆ కాగితం చూపించేది ఆమె స్వభావాన్ని మాత్రమే కాదు, ఆమె మీదున్న బరువును కూడా. ఇలాంటివాళ్లు చూసుకోవాల్సింది ఏం చేశామన్నది కాదు, ఎవరూ ఏమీ అడగని అరగంట దొరికినప్పుడు చెయ్యి దేని మీదకు వెళ్లిందన్నది. ఆ అరగంట కూడా దొరకని ఇంట్లో, నిన్ను నువ్వు తెలుసుకో అని ఆమెకు చెప్పే ముందు ఇంటిపని పంచుకోవాలి.

మూడో సంగతి, ఆలోచనకూ మథనానికీ ఉన్న తేడా. జరిగిందాన్నే తిరగేసి మరగేసి తలచుకుంటూ నేనెందుకిలా ఉన్నాను, నాకే ఎందుకిలా జరుగుతుంది అని కుమిలిపోవడం చాలామందికి ఆత్మపరిశీలనలాగే అనిపిస్తుంది. పాల్ ట్రాప్నెల్, జెన్నిఫర్ క్యాంప్‌బెల్ 1999లో ఈ రెంటినీ వేరుచేసి చూపించారు. తన గురించి కుతూహలంతో ఆలోచించడం ఒకటి, భయంతోనో పశ్చాత్తాపంతోనో అక్కడక్కడే తిరగడం మరొకటి. రెండోదాంట్లో ఎంతసేపు గడిపినా స్పష్టత రాదు, మనసు మరింత కుంగుతుంది. ఎందుకు అనే ప్రశ్న మథనంలోకి తేలిగ్గా జారిపోతుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు ఎదురుగా ఉన్నప్పుడు అన్న ప్రశ్నలు అలా జారవు. కోపం వచ్చినప్పుడల్లా కారణం జోలికి పోకుండా సమయం, చోటు, ఎదుటి మనిషి, అంతకుముందు జరిగింది మాత్రం రాసుకుంటూ పోతే కొన్నాళ్లకు ఒక తీరు కనిపిస్తుంది. పిల్లల మీద విరుచుకుపడిన ప్రతిసారీ అంతకుముందు పొలం పంపకం గురించి ఫోన్ వచ్చి ఉండవచ్చు. భోజనం ఆలస్యమైన రోజులే అయి ఉండవచ్చు. లోపల ఎంత వెతికినా దొరకని కారణం ఇలా తేదీల వరసలో దొరుకుతుంది.

మనసును బాగా కలచిన విషయాలకు రాతే ఇంకో రకంగా పనికొస్తుంది. జేమ్స్ పెన్నెబేకర్ 1986లో, సాండ్రా బీల్‌తో కలిసి, విద్యార్థుల చేత నాలుగు రోజులు వరసగా రోజుకు పదిహేను నిమిషాలు రాయించారు. కొందరు మామూలు విషయాలు రాశారు. కొందరు తమ జీవితంలోని గాయాల గురించి, వాటి వెంట కలిగిన భావాలతో సహా రాశారు. రెండో రకంవాళ్లకు రాసిన వెంటనే బాధ పెరిగింది. కానీ తర్వాతి నెలల్లో వాళ్లు ఆరోగ్యకేంద్రానికి వెళ్లడం తగ్గింది. ఆ తర్వాత జరిగిన పరిశోధనల్లో, మొదటి రోజు చెల్లాచెదురుగా మొదలై రోజులు గడిచేకొద్దీ అర్థమైంది, తెలిసొచ్చింది, దానివల్ల లాంటి మాటలు పెరిగినవాళ్లకే ఎక్కువ మేలు జరిగినట్టు ఆయన గమనించారు. ఈథన్ క్రాస్ బృందం 2014లో ఇంకో చిన్న కిటుకు పరీక్షించింది. ఒత్తిడిలో ఉన్నప్పుడు నేను అని కాకుండా తన పేరుతోనే తనను పిలుచుకుని ఆలోచించినవాళ్లు తక్కువ ఆందోళన పడ్డారు. స్నేహితుడి కష్టం వింటున్నప్పుడు మనకుండే తెలివి, మన కష్టం దగ్గరకు వచ్చేసరికి కరువవుతుంది. పేరుతో పిలుచుకోవడం ఆ దూరాన్ని కొంత తిరిగి తెస్తుంది. అయితే నిద్ర పట్టక, తిండి సహించక, బతుకు మీద ఆశ సన్నగిల్లినప్పుడు ఈ రాతల మీద ఆధారపడి కూర్చోవద్దు. అప్పుడు కావలసింది వైద్యసహాయం. టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయవాణి 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇదంతా చదివాక, మన దేశంలో ఆత్మవిచారం అన్నది ఇంతేనా అని కొందరికి అనిపించవచ్చు. రమణ మహర్షి 1896లో మదురై వదిలి తిరువణ్ణామలై చేరిన తర్వాత జీవితమంతా నేనెవరు అన్న ఒక్క ప్రశ్నను ముందుంచారు. రచయిత చలం 1950లో ఆయన ఆశ్రమం ఉన్న ఆ ఊరికే వెళ్లి చివరిదాకా అక్కడే ఉండిపోయారు. ఆ ప్రశ్న స్వభావం గురించినది కాదు. కోపిష్టినా, శాంతపరుణ్ణా అన్నది కాక, ఆ నేను అనేదే ఎక్కడి నుంచి లేస్తోందని అది అడుగుతుంది. రెండింటినీ కలిపేస్తే రెండూ చెడతాయి. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి దారి మనం మాట్లాడుకుంటున్నదానికి దగ్గరగా ఉంటుంది. తన కోసం కట్టిన సంస్థను 1929లో తానే రద్దుచేసి, ఏ గురువూ ఏ పద్ధతీ మనిషికి తనను చూపించలేవని ఆయన జీవితాంతం చెప్పారు. భార్యతో, బిడ్డతో, పనివాడితో, ప్రకృతితో మన సంబంధం ఎలా సాగుతోందో గమనించినప్పుడే మనం ఎవరమో కనిపిస్తుందన్నది ఆయన పదేపదే చెప్పిన మాటల సారం. ఒంటరిగా కూర్చుని అల్లుకున్న ఊహల కంటే సంబంధంలో బయటపడే మనిషిని నమ్మమన్న ఆయన మాటకూ, ప్రయోగశాలల్లో తేలిన విషయానికీ మధ్య దూరం నాకు పెద్దగా కనిపించదు.

ఇంత శ్రమపడి తెలుసుకున్నదైనా శాశ్వతంగా నిలవదు. క్వాయిడ్‌బాక్, గిల్బర్ట్, విల్సన్ 2013లో 19,000 మందికి పైగా మనుషులను అడిగి ప్రచురించిన అధ్యయనంలో, గత పదేళ్లలో మీరెంత మారారంటే చాలా మారామన్నారు. రాబోయే పదేళ్లలో ఎంత మారతారంటే పెద్దగా మారమన్నారు. ఇరవైల్లో ఉన్నవాళ్లూ, అరవై దాటినవాళ్లూ ఇదే అన్నారు. ప్రతి ఒక్కరూ తాము ఇప్పుడు చేరిన రూపమే చివరిదని నమ్ముతున్నారు. పద్దెనిమిదేళ్లప్పుడు తన గురించి తేల్చుకున్న మాటతో నలభై అయిదేళ్లప్పుడు నిర్ణయాలు తీసుకునేవాళ్లను చూస్తే నాకు బాధనిపిస్తుంది. నేను లెక్కల్లో మొద్దుని, నాకు నలుగురిలో మాట్లాడటం రాదు, నాకు పల్లెటూరు పడదు అన్నవి ఒకప్పుడు నిజమై ఉండవచ్చు. వాటిని మళ్లీ పరీక్షించి ఎంతకాలమైంది?

పరీక్షించడానికి మార్గం కూడా ఆలోచన కాదు, ప్రయత్నమే. మధ్యవయసులో వృత్తి మార్చుకున్నవాళ్ల మీద హెర్మీనియా ఇబారా 2003లో ఒక పుస్తకం రాశారు. ముందు తమకేం కావాలో తేల్చుకుని తర్వాత అడుగు వేసినవాళ్లు కాదు, ఉన్న పని వదలకుండానే చిన్నగా కొత్తది చేసి చూసి, కొత్త మనుషులతో కలిసి, అలా తమకేం కావాలో తెలుసుకున్నవాళ్లే ఆమెకు ఎక్కువగా కనిపించారు. పదో తరగతి అయిన పిల్లకు డాక్టరు కావాలని ఉందా, లేక డాక్టరమ్మా అని పిలిపించుకోవాలని ఉందా అన్నది ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే తేలదు. తెలిసిన నర్సమ్మ ఎవరైనా ఉంటే ఆస్పత్రి వార్డులో ఒక పూట కూర్చోనివ్వండి. లాయరు కావాలనే పిల్లవాణ్ణి జిల్లా కోర్టులో ఒక రోజు వాయిదాలు వినమనండి. వచ్చే ఏడాది రిటైరయ్యే మనిషి ఊళ్లో పొలం చేసుకుంటూ హాయిగా ఉంటానని అనుకుంటుంటే, ఈ వేసవిలోనే సెలవు పెట్టి ఓ నెల అక్కడ ఉండి చూడాలి. వెళ్లేముందు అక్కడ ఏం బాగుంటుందనుకుంటున్నారో, ఏం కష్టమనుకుంటున్నారో నాలుగు వాక్యాలు రాసిపెట్టుకోవాలి. నెల తర్వాత ఆ కాగితాన్ని భార్య చేతికిచ్చి, ఇందులో ఏది నిజమైందో చెప్పమని అడగాలి.